పిండి నుంచి బియ్యం రావు

మొన్న ఒక సైటు పాస్‌వర్డ్ గుర్తురాక ‘మర్చిపోయాను’ అన్నచోట నొక్కాను. రెండు నిమిషాల్లో మెయిల్ వచ్చింది. నా పాత పాస్‌వర్డ్ అందులో పొల్లుపోకుండా ఉంది. సంతోషించాల్సింది పోయి ఒళ్ళు జలదరించింది. తిరిగి పంపగలిగారంటే దాన్ని ఉన్నదున్నట్టు దాచి ఉండాలి, లేదా పెట్టెలో పెట్టి తాళంచెవి పక్కనే ఉంచుకుని ఉండాలి.

నిజానికి మనల్ని గుర్తుపట్టడానికి సర్వర్‌కు మన పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు. దాన్ని రుబ్బిన పిండి చాలు. హ్యాష్ అంటే ఆ పిండే. బియ్యం పిండవుతాయి గాని పిండి నుంచి బియ్యం రావు. ఒకే మాట ఎన్నిసార్లు వేసినా ఒకే పిండి వస్తుంది, ఒక్క అక్షరం మారితే పోలికే ఉండదు. లాగిన్ అయ్యేటప్పుడు మనం కొట్టినదాన్ని మళ్ళీ రుబ్బి, దాచిన పిండితో సరిచూస్తారు.

అయితే దొంగకు బియ్యం తిరిగి రాబట్టే పనిలేదు, ఊహిస్తే చాలు. 2009లో రాక్‌యూ సంస్థ నుంచి దాదాపు 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. వాటిని రుబ్బనే లేదు. అన్నిటికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతిలో దాని హ్యాష్ ఎప్పుడూ ‘ఈ10ఏడీసీ3949’ అంటూ మొదలవుతుంది. ఈ రంగంలో ఉన్నవాళ్ళు చూడగానే పట్టేస్తారు.

దీనికి విరుగుడు ఉప్పు. ఈ మాట నేను కల్పించింది కాదు, ఆ రంగంలో వాడే పేరే అది. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే ఆపరేటింగ్ సిస్టమ్ అయిన యూనిక్స్‌లో ఈ పద్ధతిని వివరించారు. ఒక్కొక్కరి పాస్‌వర్డ్‌కు ఒక్కో యాదృచ్ఛిక సంఖ్య కలిపి రుబ్బితే, ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా పిండి వేరవుతుంది. అప్పటి ఉప్పు 4096 రకాలే. ఇది తెలిసిన 33 ఏళ్ళకు, 2012లో, లింక్డ్‌ఇన్ నుంచి దొంగిలించిన 65 లక్షల హ్యాష్‌లలో చిటికెడు ఉప్పు లేదు! ఉప్పును దాచిపెట్టాలేమోనని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు, అది హ్యాష్ పక్కనే రాసి ఉంటుంది.

ఇక మిగిలింది వేగం. మామూలుగా కంప్యూటర్ ఎంత వేగంగా పనిచేస్తే అంత మంచిది, ఇక్కడ మాత్రం నిదానమే కావాలి. నేటి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు వేల కోట్ల ఎండీ5లు రుబ్బేస్తుంది. అందుకే 1999లో వచ్చిన హ్యాష్ పద్ధతి బీక్రిప్ట్‌ను కావాలనే బరువైన రోలుగా చేశారు. అందులో ‘కాస్ట్’ అనే అంకె ఒకటి పెంచితే పని రెట్టింపవుతుంది. 12 అని పెడితే అదే కార్డు సెకనుకు కొన్ని వేలు కూడా దాటడం కష్టం. లాగిన్ అయ్యే మనకు మాత్రం ఆ ఆలస్యం కంటికి ఆనదు.

తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకునేవాళ్ళకు ఈ బీక్రిప్ట్‌తో ఒక చిక్కుంది. అది మొదటి 72 బైట్లే చూస్తుంది. అక్షరాలను కంప్యూటర్ బైట్లుగా రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ తలా మూడు బైట్లు, ఖాళీకి ఒకటి. ‘స్త్రీ’కే 18 బైట్లు పోతాయి. ‘ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు’ అన్న సామెతను పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నారనుకోండి. లెక్క ‘తాగ’ దగ్గర సరిగ్గా 72కి చేరుతుంది. ఆ తర్వాత ఏముందో అది చూడనే చూడదు. పొడవు మించిందని అభ్యంతరం చెప్పని సైటులో ‘ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగడు’ అని కొట్టినా తలుపు తెరుచుకుంటుంది.