కుక్క పెంట ఎత్తే వ్యాపారం: అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల ఇళ్ళ యార్డుల్లో కుక్కల పెంట ఎత్తడం నా పని. మనవాళ్ళ పార్టీల్లో ఈ మాట చెప్తే ముందు నవ్వుతారు. కాసేపయ్యాక పక్కకు పిలిచి "ఇంతకీ ఎంతొస్తుందండీ?" అంటారు. అలా అడిగేవాళ్ళ కోసమే ఇది.

అపోహ: దీనికి డబ్బులెవరిస్తారు?

ఒహాయోలోని కొలంబస్‌లో మాథ్యూ ఆస్బర్న్ అనే ఆయన 1980ల చివర్లోనే దీన్ని వ్యాపారంగా నడిపాడు. 2000లో వర్జీనియాలో మొదలైన డూడీకాల్స్ అనే కంపెనీ ఫ్రాంచైజీలు ఇచ్చేదాకా ఎదిగింది. గిరాకీ గురించి టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: కస్టమర్లు ఎంతమంది ఉంటే అంత లాభం.

కొత్తగా దిగినవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఒక యార్డుకు పన్నెండు నిమిషాలు పడుతుందనీ, వారానికి 20 డాలర్లు తీసుకుంటున్నామనీ అనుకుందాం. ఇళ్ళన్నీ ఒకే సబ్‌డివిజన్‌లో, అంటే ఒకే కాలనీలో ఉంటే గంటకు నాలుగు పూర్తవుతాయి, 80 డాలర్లు. అదే ఒక్కో ఇంటికి మధ్య ఇరవై నిమిషాల డ్రైవ్ ఉంటే గంటకు రెండు కూడా సరిగ్గా కావు. ఖర్చు అక్కడితో ఆగదు. 2025కి కారు ఖర్చు ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) లెక్కలో మైలుకు 70 సెంట్లు. పది మైళ్ళు పోతే ఆ ఇంటి 20లో 7 డాలర్లు రోడ్డు మీదే అయిపోయినట్టు.

అందుకే నేను కస్టమర్లను లెక్కపెట్టను, వీధులను చూస్తాను. ఒక ఇల్లు దొరికితే దానికి అటు నాలుగు, ఇటు నాలుగు, ఎదురుగా నాలుగు ఇళ్ళ తలుపులకు డోర్ హ్యాంగర్లు (పిడికి వేలాడే ప్రకటన కార్డులు) తగిలించి వస్తాను. ఒక్కో ఏరియాకు వారంలో ఒక్కో రోజు ఖాయం. "మాకు శనివారమే కావాలి" అంటే మర్యాదగా కుదరదంటాను. దూరం నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే పేరు రాసుకుని, అదే చోటు నుంచి ఇంకో ఇద్దరు వచ్చాక మొదలుపెడతాను. సబ్‌డివిజన్ వాట్సాప్ గ్రూపులో పాత కస్టమర్ పెట్టే ఒక్క మెసేజ్, ఊరంతటికీ ఇచ్చే ప్రకటన కంటే బాగా పనిచేస్తుంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళ నడక దారుల్లో కుక్కల సంచుల స్టాండ్లుంటాయి కదా, వాటిని ఖాళీ చేసి సంచులు నింపే కాంట్రాక్టు దొరికితే వదులుకోవద్దు. బిల్లు ఒక్కరికే, పనేమో పక్కపక్కనే.

అపోహ: రేటు తగ్గిస్తే నిలబడతారు.

రేటు కోసం వచ్చినవాడు రేటు కోసమే పోతాడు. మొదటిసారి శుభ్రానికి మాత్రం విడిగా తీసుకోండి. నెలల తరబడి పేరుకున్నది వారం రేటుకు ఎత్తితే ఆ పూట కూలి కూడా గిట్టదు. కస్టమర్ పోయేది ఎక్కువగా గేటు దగ్గర. గేటు సరిగ్గా పడక కుక్క బయటికి వెళ్ళిపోయిందంటే ఎంత చవకగా చేసినా లాభం లేదు. గడియ పెట్టి, ఫొటో తీసి పంపండి.

అపోహ: పేడ లాగే ఇదీ ఎరువే, వానకు కొట్టుకుపోతుంది.

ఆవు గడ్డి తింటుంది, కుక్క మాంసం తింటుంది. కుక్క మలంలో నైట్రోజన్ ఎక్కువై గడ్డి మాడిపోతుంది. అందులోని ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతికుంటాయి, ఆడుకునే పిల్లలకు సోకుతాయి. ఇక వాన సంగతి: ఇక్కడ వీధి డ్రెయిన్ల నీళ్ళు శుద్ధి కాకుండానే వాగుల్లో కలుస్తాయి. ఫ్రిస్కో దగ్గర పుట్టే వైట్ రాక్ క్రీక్ ప్లేనో మీదుగా డాలస్‌లోని వైట్ రాక్ లేక్‌కు చేరుతుంది.

అపోహ: మంచి వాసనొచ్చే ఏదో ఒక క్లీనర్ కొడితే చాలు.

కుక్కలకు ప్రాణాంతకమయ్యే పార్వో వైరస్‌కు చాలా మామూలు క్లీనర్లు చాలవు. ఒక యార్డు నుంచి ఇంకో యార్డుకు దాన్ని మోసుకెళ్ళేది పెంట ఎత్తే మన రేక్ (పళ్ళ కర్ర), మన బూట్లే. ముందు వాటి మురికంతా కడిగేసి, గాలన్ నీళ్ళకు అర కప్పు బ్లీచ్ కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. కుక్కపిల్ల ఉన్న ఇల్లయితే నేను వరసలో మొదట పెట్టుకుంటాను.

అపోహ: హెచ్‌1బీ మీద ఉంటూనే శనివారాలు చేసుకోవచ్చు.

కుదరదు. ఆ వీసా మీద పనిచేయాల్సింది స్పాన్సర్ చేసిన కంపెనీకే. హెచ్‌4 ఈఏడీ (హెచ్‌1బీ వాళ్ళ భార్యాభర్తలకు ఇచ్చే పని అనుమతి) ఉన్న భార్య గానీ భర్త గానీ సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు, 2015 నుంచి ఆ వీలుంది. అప్పుడు కూడా యార్డులోకి దిగి రేక్ పట్టాల్సింది వాళ్ళే, మీరు కాదు. ఎల్‌ఎల్‌సీ (సొంత కంపెనీ) పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక అరగంట కూర్చోండి.