కోరై చాపల తుంగ: అపోహలు - వాస్తవాలు

చిత్తడి నేలల్లో పెరిగే మొక్కల్ని గుర్తుపట్టడం నేర్పించడం నా పని. చెన్నైలో పళ్లికరణై చిత్తడి నేల వైపు వచ్చే తెలుగువాళ్లు నీళ్ల అంచున ఏ పొడుగాటి పచ్చని మొక్క కనిపించినా "కోరై చాపలు అల్లే గడ్డి ఇదేనాండీ?" అని అడుగుతారు. చాలాసార్లు అది కాదు. ఈ మొక్క గురించి ఉన్న అపోహల్లో సగం, దాని కాడను అడ్డంగా కోసి చూస్తే చాలు, అక్కడికక్కడే తీరిపోతాయి.

అపోహ: కోరై ఒక రకం గడ్డి.

వాస్తవం: కాదు, ఇది తుంగ జాతి. శాస్త్రీయ నామం సైపరస్ పాంగోరై. గడ్డి కాడ గుండ్రంగా ఉంటుంది, కణుపులు ఉంటాయి, కణుపుల మధ్య చాలావాటిలో బోలుగా ఉంటుంది. కోరై కాడను వేళ్ల మధ్య తిప్పితే, ముఖ్యంగా పైభాగంలో, మూడు అంచులు తెలుస్తాయి. కోస్తే లోపల తెల్లటి బెండు నిండుగా కనిపిస్తుంది. ఆకులు కాడ అడుగునే చిన్నగా ఆగిపోతాయి. అక్కడి నుంచి పూగుత్తి దాకా, మీటరుకు పైగా, ఒక్క కణుపు కూడా ఉండదు. చాపకు పనికొచ్చే గుణం ఇదే. కణుపు ఉన్నచోట పుల్ల విరుగుతుంది. కణుపు లేని కాడ నుంచి చాప వెడల్పంతా సాగే ఒకే పుల్ల వస్తుంది. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల కంటే పెద్దవాళ్లే ఎక్కువ ఆశ్చర్యపోతారు.

ఈ మొక్కకు 1773లో రాట్‌బోల్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. మన సామర్లకోటలో ఏళ్లపాటు పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ తర్వాత దీన్నే సైపరస్ టెజెటమ్ అన్నాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి పాంగోరై నిలిచింది. పాత పుస్తకాల్లో రెండు పేర్లూ కనిపిస్తే రెండు మొక్కలని అనుకోవద్దు.

అపోహ: పళ్లికరణైలో గోధుమరంగు కంకులతో నిలబడేదే కోరై.

వాస్తవం: అది జమ్ము. కుటుంబమే వేరు. జమ్ములో అల్లికకు వాడేది ఆకు, కోరైలో కాడ. జమ్ము ఆకు లోపల గాలి గదులు ఉంటాయి, అందుకే మందంగా, మెత్తగా ఉంటుంది. ముతక చాపలకు, కప్పులకు బాగుంటుంది గానీ సన్నటి నేతకు నిలవదు.

నర్సరీల్లో అంబ్రెల్లా పామ్ అని అమ్మేది కూడా తుంగ జాతే. కానీ అది ఆఫ్రికా నుంచి వచ్చిన అలంకరణ మొక్క. పొలాల్లో రైతును ఏడిపించే తుంగముస్తె ఇంకో దగ్గరి బంధువు. ఈ మూడూ సైపరస్‌లే అయినా ఒకదాని పని ఇంకొకటి చేయదు.

అపోహ: జనుములాగా కుళ్లబెట్టి నార తీస్తారు.

వాస్తవం: కోరైలో విడిగా నార తీయరు. బలమంతా కాడ పై పొరలో, దాని కిందే గట్టి కణజాలంతో వరుసగా ఉండే సన్నని కట్టల్లో ఉంటుంది. అందుకే పచ్చి కాడను నిలువునా చీల్చి, బెండు తీసేసి, ఎండబెడతారు. తిరునల్వేలి జిల్లా పత్తమడైలో సన్నరకం చాపల కోసం ఆ చీలికల్ని మళ్లీ రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, ఇంకా సన్నగా చీలుస్తారు. పడుగు నూలు దారం, పేక కోరై. ఎరుపు రంగుకు పూర్వం పతంగి చెక్క వాడేవారు. అక్కడి చాపలకు జియోగ్రాఫికల్ ఇండికేషన్ గుర్తింపు, అంటే ఆ ఊరి పేరు అక్కడి చాపలకే చెల్లే గుర్తింపు, ఉంది. బెంగాల్‌లో మాదుర్ చాపలు అల్లేది కూడా ఈ తుంగతోనే. ఒకే మొక్కను ఇంత దూరదూరంగా ఉన్న నేతగాళ్లు ఎంచుకున్నారంటే, ఆ కాడ గుణం వాళ్లకు చేతుల్లోనే తెలిసి ఉండాలి. నాకు ఈ మొక్క మీద ఇంత ఇష్టం కలగడానికి వాళ్ల పనే కారణం.

అపోహ: కోస్తే మొక్క చచ్చిపోతుంది, చిత్తడి నేల పాడవుతుంది.

వాస్తవం: మట్టిలో పాకే దుంప బతికి ఉన్నంత కాలం కోసినచోటే కొత్త కాడలు వస్తాయి. కరూర్, నామక్కల్, ముసిరి ప్రాంతాల్లో కావేరి తీరాన దీన్ని పంటగానే వేస్తారు. ఒకసారి దుంపలు నాటితే ఏళ్ల తరబడి కోత వస్తుంది. ప్రమాదం కొడవలితో కాదు. మట్టి పోసి పూడ్చితేనో, దుంపతో సహా పెకలిస్తేనో ఇక తిరిగి రాదు. అలాగని పళ్లికరణైలో దిగి ఏదీ కోయకండి. అది రిజర్వ్ ఫారెస్ట్, 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో, చేరిన చోటు. మురుగు చేరిన నీళ్లలో పెరిగే మొక్కలు లోహాలను కూడా పీల్చుకుంటాయి, అది ఇంకో కారణం.

అపోహ: తుంగ, జమ్ము ఉన్నచోటే డెంగీ దోమలు.

వాస్తవం: డెంగీ దోమ గుడ్లు పెట్టేది మన డాబా మీది డ్రమ్ముల్లో, పూలకుండీల పళ్లేల్లో.

అపోహ: కోరై చాప మీద పడుకుంటే ఒంట్లో వేడి లాగేసి రోగాలు తగ్గిస్తుంది.

వాస్తవం: చెమటను కొంత పీల్చుకుంటుంది, గాలి ఆడుతుంది. మే నెల చెన్నైలో అది చిన్న మేలు కాదు. కానీ వైద్యం మాత్రం కాదు. ప్లాస్టిక్ చాపకు ఈ గుణం కూడా ఉండదు. పుల్లలన్నీ అచ్చు ఒకే మందంలో, అంచు దగ్గర సన్న గొట్టాల్లా కనిపిస్తే అది ప్లాస్టిక్. అసలు కోరైలో పుల్ల పుల్లకూ మందం, రంగు కాస్త మారతాయి.

అపోహ: నీళ్లలో పుట్టిన మొక్క కాబట్టి చాపను బకెట్‌లో ముంచి ఉతకొచ్చు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల పాడైన చాపలు చాలా చూశాను. బతికున్న కాడ వేరు, ఎండిన పుల్ల వేరు. ముంచితే నూలు పడుగు తేమ పట్టి, ఐప్పసి (అక్టోబర్-నవంబర్) వానల్లో ఆరక బూజు పడుతుంది. తడిగుడ్డతో తుడిచి, రెండు వైపులా నీడలో ఆరనిచ్చి, చుట్టి నిలబెట్టండి. మడత పెట్టకండి. మడిచిన గీత దగ్గరే పుల్లలు మొదట విరుగుతాయి.