లూపస్ ఉన్నవాళ్లు గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చా?

కీళ్లవాతానికో, లూపస్‌కో (రోగనిరోధక వ్యవస్థ మన ఒంటిమీదే దాడి చేసే జబ్బు) మెథోట్రెక్సేట్ రాసేటప్పుడు రుమటాలజిస్ట్, అంటే ఈ జబ్బులు చూసే డాక్టర్, లివర్ పరీక్ష చేయిస్తారు, రక్తకణాల లెక్క చూస్తారు, ఫోలిక్ యాసిడ్ మర్చిపోవద్దని చెబుతారు. "పిల్లలు పుట్టకుండా ఏం వాడుతున్నారమ్మా?" అన్న ప్రశ్న మాత్రం ఆ గదిలో చాలాసార్లు వినిపించదు. అది గైనకాలజిస్ట్ చూసుకుంటారులే అనుకుంటారు. గైనకాలజిస్ట్ దగ్గరికి వెళితే, లూపస్ అన్న మాట వినగానే "మీ రుమటాలజిస్ట్‌ని అడిగి రండి" అంటారు. అలా ఇద్దరి మధ్యా ఆ ప్రశ్న ఉండిపోతుంది. దాని ఫలితం మోయాల్సింది ఆ స్త్రీ ఒక్కతే.

ఆ ఫలితం చిన్నది కాదు. లూపస్ ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లే. అందులో ఎక్కువమందికి జబ్బు బయటపడేది పిల్లల్ని కనే వయసులోనే. ఈ జబ్బుల్ని అదుపులో పెట్టే మందుల్లో కొన్ని కడుపులో బిడ్డకు గట్టి హాని చేస్తాయి. మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ అలాంటివే. మైకోఫినోలేట్ వాడుతుండగా గర్భం వస్తే అబార్షన్ అయ్యే అవకాశం ఎక్కువ, బిడ్డకు చెవులు సరిగ్గా ఏర్పడకపోవడం, గ్రహణం మొర్రి లాంటి లోపాలు రావచ్చు. మందుల సంగతి పక్కన పెట్టినా, జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు వచ్చిన గర్భం తల్లి కిడ్నీలకే ముప్పు తేవచ్చు. అందుకే "అనుకోకుండా వచ్చిన గర్భం" అనే మాటకు ఇక్కడ బరువు ఎక్కువ.

మరి మాత్రలంటే అంత భయం ఎందుకు పుట్టింది? మామూలు గర్భనిరోధక మాత్రలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు ఉంటాయి. ఈస్ట్రోజెన్ రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుందని, ఆడవాళ్లలో లూపస్ ఎక్కువ ఉండటానికి అదీ ఒక కారణమని డాక్టర్లు భావించేవారు. కాబట్టి మాత్ర వేసుకుంటే జబ్బు తిరగబెడుతుందన్న అనుమానం సహజమే. దశాబ్దాలపాటు లూపస్ ఉన్నవాళ్లకు మాత్రలు వద్దనే చెప్పారు.

2005లో ఆ అనుమానాన్ని రెండు అధ్యయనాలు నేరుగా పరీక్షించాయి. అమెరికాలో జరిగినదానిలో లూపస్ అదుపులో ఉన్న 183 మంది స్త్రీలలో కొందరికి అసలు మాత్ర, కొందరికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. జబ్బు తీవ్రంగా తిరగబెట్టింది అసలు మాత్ర వేసుకున్నవారిలో 7.7 శాతం మందికి, ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో 7.6 శాతం మందికి. తేడా లేనట్టే. మెక్సికోలో 162 మందిని మూడు గుంపులు చేసి మామూలు మాత్ర, ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న మాత్ర, కాపర్-టి పోల్చి చూశారు. అక్కడా జబ్బు తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇన్నేళ్లుగా ఎందరికో అడ్డుపడిన ఆ భయం, జబ్బు అదుపులో ఉన్నవాళ్ల విషయంలో నిలబడలేదు.

అయితే మాత్ర వల్ల నిజమైన ప్రమాదం ఒకటుంది, అది వేరే చోట ఉంది. అమెరికా అధ్యయనంలోకి రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లను తీసుకోలేదు. లూపస్ ఉన్నవాళ్లలో సుమారు మూడోవంతు మంది రక్తంలో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటాయి. ఇవి రక్తనాళాల్లో గడ్డలు కట్టేలా చేస్తాయి. కాలి సిరల్లో కట్టవచ్చు, ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు, మెదడుకు వెళ్లే నాళంలో కట్టి పక్షవాతం తేవచ్చు. ఈస్ట్రోజెన్ కూడా లివర్‌లో రక్తం గడ్డకట్టించే పదార్థాల తయారీని పెంచుతుంది. ఈ రెండూ ఒకే ఒంట్లో కలవకూడదు.

కాబట్టి మాత్ర మొదలుపెట్టే ముందు అడగాల్సింది ఒక రక్తపరీక్ష. అందులో మూడు భాగాలుంటాయి: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రొటీన్. మొదటిదాని పేరు చూసి రక్తం పలచబడుతుందేమో అనుకుంటారు. పరీక్షనాళికలో రక్తం ఆలస్యంగా గడ్డకడుతుంది కాబట్టి ఆ పేరు పెట్టారు, ఒంట్లో జరిగేది దానికి వ్యతిరేకం. ఒకసారి పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేసి నిర్ధారించుకోవాలి. ఈలోగా ఈస్ట్రోజెన్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

పాజిటివ్ వచ్చినంత మాత్రాన దారులు మూసుకుపోవు. కాపర్-టి ఉంది, హార్మోన్ ఉన్న లూప్ ఉంది (రెండూ గర్భాశయంలో పెట్టే లూప్‌లే), ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న మాత్ర ఉంది. 2020లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఇచ్చిన సూచనలు వీటినే చెబుతున్నాయి. నా మట్టుకు లూప్ గురించి అందరికన్నా ముందు మాట్లాడాలనిపిస్తుంది. కండోమ్ మీదే ఆధారపడిన వందమందిలో ఏడాదిలో 13 మందికి, మాత్ర వాడేవాళ్లలో 7 మందికి గర్భం వస్తుంది. వేళ తప్పడం, మర్చిపోవడం అందులో కలిసే ఉన్నాయి. లూప్‌తో ఆ లెక్క ఒకటి కన్నా తక్కువ. అలసట, నొప్పులతో, రోజూ గుప్పెడు మాత్రలు వేసుకునే మనిషికి ఇంకో మాత్ర గుర్తుపెట్టుకునే టెన్షన్ ఉండదు. స్టెరాయిడ్లు వాడుతున్నారు, ఇన్ఫెక్షన్ వస్తుందేమో అని లూప్ వద్దనడం ఇప్పటికీ వింటాం. కానీ రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి కూడా లూప్ పెట్టవచ్చని అవే సూచనలు స్పష్టంగా చెబుతున్నాయి. రక్తం పలచబడే మందులు వాడుతూ నెలసరిలో విపరీతంగా రక్తం పోయేవారికి హార్మోన్ లూప్ ఇంకో మేలు చేస్తుంది, రక్తస్రావం బాగా తగ్గుతుంది. కాపర్-టితో అది కాస్త పెరగవచ్చు.

మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ దగ్గర ఆగి ఆలోచించాలి. అది ఎముకల గట్టితనాన్ని తగ్గిస్తుంది, స్టెరాయిడ్లూ అదే పని చేస్తాయి. యాంటీబాడీలు ఉన్నవారికి కూడా అది మంచిది కాదు. కిడ్నీలకు లూపస్ సోకి జబ్బు ఉధృతంగా ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ లేనివే ఎంచుకోవాలి. గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని మైకోఫినోలేట్ తగ్గించే అవకాశం ఉంది కాబట్టి, అది వాడేవారు లూప్ పెట్టించుకోవడమో, లేదా రెండు పద్ధతులు కలిపి వాడటమో చేయాలి. లూపస్ గానీ, ఆ యాంటీబాడీలు గానీ లేని కీళ్లవాతం వాళ్లకు మాత్రం దాదాపు అన్ని పద్ధతులూ తెరిచే ఉన్నాయి.

కండోమ్ చిరిగిందనో, మాత్ర మరిచిపోయామనో కంగారు పడే రాత్రి ఒకటి రావచ్చు. 72 గంటల్లోపు వేసుకునే లెవోనార్జెస్ట్రెల్ అత్యవసర మాత్రలో ఈస్ట్రోజెన్ లేదు. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్లు కూడా దాన్ని వేసుకోవచ్చు.

బిడ్డ కావాలనుకున్నప్పుడు ఇదంతా వెనక నుంచి ముందుకు నడుస్తుంది. ముందు రుమటాలజిస్ట్‌తో మాట్లాడి మందులు మార్చుకోవాలి. మెథోట్రెక్సేట్ ఆపి ఒకటి నుంచి మూడు నెలలు, మైకోఫినోలేట్ అయితే కనీసం 6 వారాలు ఆగాలి. లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం గర్భంలోనూ కొనసాగించవచ్చు. కొత్త మందులతో జబ్బు ఓ ఆరు నెలలు నెమ్మదిగా ఉందని తేలాలి. లూప్ తీయించుకోవడం అప్పుడు, అన్నిటికన్నా చివర.