భూకంపం ఒక చుక్క కాదు: అపోహలు - వాస్తవాలు

ఎక్కడ భూమి కంపించినా టీవీలో మ్యాప్ మీద ఒక ఎర్ర చుక్క పెట్టి, చుట్టూ వలయాలు గీస్తారు. నేల కదలికలను గీతగా నమోదు చేసే సీస్మోగ్రాఫ్ రికార్డులు చదవడం నా పని. జనం నన్ను అడిగే వాటిలో చాలా అపోహలు ఆ చుక్కలోంచే పుట్టాయనిపిస్తుంది.

అపోహ: భూకంపం ఒక్క చోట పుట్టి చుట్టూ పాకుతుంది

పగులు ఎక్కడ మొదలైందో, దానికి సరిగ్గా పైనున్న నేలను మాత్రమే ఆ చుక్క చూపిస్తుంది. అసలు కథ భ్రంశం పొడవునా నడుస్తుంది. భ్రంశం అంటే రెండు రాతి దిమ్మెలు ఒకదానికొకటి ఆనుకుని ఉండే చీలిక.

ఒక ఇటుకకు రబ్బరు బ్యాండు తగిలించి గరుకు నేల మీద మెల్లగా లాగి చూడండి. ముందు రబ్బరు సాగుతుంది, ఇటుక మాత్రం కదలదు. ఇంకా లాగితే ఉన్నట్టుండి జారి, మళ్లీ ఆగిపోతుంది. భూమి లోపలా అంతే. భూమి పైపెంకులోని భారీ రాతి పలకలు, అంటే భూఫలకాలు, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు కదులుతుంటాయి, భ్రంశం దగ్గర మాత్రం రాపిడి వల్ల రాళ్లు బిగుసుకుపోయి వంగుతాయి. పట్టు తప్పిన రోజు ఒక్కసారిగా జారతాయి. 1906 శాన్ ఫ్రాన్సిస్కో భూకంపంలో శాన్ ఆండ్రియాస్ భ్రంశం మీదుగా ఉన్న కంచెలు తెగి పక్కకు జరిగాయి, కొన్ని చోట్ల దాదాపు 6 మీటర్లు! అలాంటి కొలతల నుంచే అమెరికా శాస్త్రవేత్త హ్యారీ రీడ్ ఈ సంగతి రాబట్టారు.

ఆ జారడం కూడా అంతటా ఒకేసారి జరగదు. ఒక చోట మొదలై, గుడ్డ చిరిగినట్టు సెకనుకు 2, 3 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. 2004 సుమత్రా భూకంపంలో సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున చిరిగింది. చుక్కకు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లు కూడా పగులు పక్కనే ఉన్నట్టు లెక్క!

అపోహ: రిక్టర్ స్కేలుపై తీవ్రత ఎక్కువైతే నష్టమూ ఎక్కువే

ఇక్కడ మన మాటే దారి తప్పిస్తోంది. భూకంపం ఎంత పెద్దదో చెప్పేది పరిమాణం, మీరున్న చోట ఎంత ఊగిందో చెప్పేది తీవ్రత. వార్తల్లో రెండింటినీ తీవ్రత అనేస్తున్నాం. బల్బు ఎన్ని వాట్లన్నది ఒకటే అంకె, మీ పుస్తకం మీద పడే వెలుతురు మాత్రం మీరు ఎక్కడ కూర్చున్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

1985లో మెక్సికో నగరానికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో భూమి కంపించింది. నగరంలో చాలా భాగం పాత సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి బంకమట్టి మీద ఉంది. ఆ మట్టి సుమారు 2 సెకన్లకొక ఊపు చొప్పున ఊగింది. సహజంగా అదే లయలో ఊగే మధ్యస్థ ఎత్తు భవనాలే ఎక్కువగా కూలాయి. అదే నగరంలో రాతి నేల మీదున్న ప్రాంతాలు చాలా తక్కువగా కదిలాయి.

అపోహ: చిన్నవి వస్తుంటే మంచిదే, ఒత్తిడి తగ్గిపోతుంది

ఇది విన్నప్పుడల్లా నాకు టెన్షన్. పరిమాణం ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 7 పరిమాణం ఉన్న ఒక్క భూకంపానికి సమానం కావాలంటే 3 పరిమాణం ఉన్నవి దాదాపు 10 లక్షలు రావాలి. రోజుకొకటి వచ్చినా 2,700 ఏళ్లు పడుతుంది.

అపోహ: ఎండలు ముదిరితే భూకంపం వస్తుంది

రాదు. పది కిలోమీటర్ల లోతున ఉన్న రాయికి ఎండా వానా ఒకటే.

అపోహ: శాస్త్రవేత్తలకు ముందే తెలుసు, దాచిపెడతారు

నన్ను బాగా బాధపెట్టే మాట ఇదే. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో సగటున 22 ఏళ్లకొకసారి భూమి కంపించేది. 1993 లోపు మళ్లీ వస్తుందని అంచనా వేసి, చుట్టూ పరికరాలు పెట్టి కాచుకుని కూర్చున్నారు. అది 2004లో వచ్చింది, అదీ నమ్మదగిన ముందస్తు సంకేతమేదీ ఇవ్వకుండా. చైనాలో 1975లో చిన్న ప్రకంపనలు వరుసగా రావడంతో హైచెంగ్‌ను ఖాళీ చేయించగలిగారు. మరుసటి ఏడాది తాంగ్‌షాన్‌లో అలాంటి హెచ్చరికేమీ లేదు, 2.4 లక్షల మందికి పైగా చనిపోయారు.

మొదలయ్యాక మాత్రం కొంత చేయగలం. రికార్డులో ముందు ఒక చిన్న కుదుపు కనిపిస్తుంది, ఆ వెంటే సన్నని వణుకు. అవి పి తరంగాలు, భూమి పైపొరలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు వెళతాయి. కాసేపటికి గీత ఒక్కసారిగా పెద్దదై అటూ ఇటూ ఊగుతుంది. అవి ఎస్ తరంగాలు, వేగం సుమారు 3.5 కిలోమీటర్లు. రెండింటి మధ్య సెకన్లను 8తో హెచ్చిస్తే దూరం దాదాపుగా తెలిసిపోతుంది. 15 సెకన్ల తేడా ఉంటే సుమారు 120 కిలోమీటర్లు.

జపాన్‌లో 2007 నుంచి దేశమంతటా ప్రజలకు అందుతున్న హెచ్చరికలకు ఆధారం ఈ తేడాయే. పగులు దగ్గరున్న పరికరం పి తరంగాన్ని పట్టగానే, ఎస్ తరంగం కంటే ముందు ఫోన్లకు కబురు వెళుతుంది. రైలుకు బ్రేకు వేయడానికీ, బల్ల కిందకు దూరి దాని కాలు పట్టుకోవడానికీ ఆ కొద్ది సెకన్లు పనికొస్తాయి. పగులు పక్కనే ఉన్నవాళ్లకు మాత్రం అవి కూడా దక్కవు, అక్కడికి రెండు తరంగాలూ దాదాపు కలిసే వస్తాయి.