ముందు పని, తర్వాతే హాలు: సదస్సుల ఏర్పాటులో అపోహలు – వాస్తవాలు

సదస్సు పెట్టాలని నన్ను పిలిచేవాళ్లలో చాలామంది మొదట అడిగేది హాలు గురించే. "ఐదు వందలమంది పట్టే హాలు ఏది బాగుంటుంది?" అంటారు. "ఎందుకు పెడుతున్నారండీ?" అని అడిగితే కాసేపు ఆగి, "ఏటా పెడతాం కదా" అంటారు. వాళ్లను తప్పుపట్టను. హాలు కంటికి కనిపిస్తుంది, తేదీ క్యాలెండర్లో కనిపిస్తుంది, ఉద్దేశం అలా కనిపించదు. కానీ నేను దగ్గరుండి చూసినవాటిలో చప్పగా ముగిసిన సదస్సులకు చాలావరకు బీజం ఆ మొదటి ఫోన్ కాల్లోనే పడింది. వందలమంది పనులు మానుకుని, ప్రయాణాలు చేసి వస్తారు. వాళ్ల రెండు రోజులు వృథా అయితే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే నేను తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హాలు, తేదీ ఖాయమైతే మిగతావి సర్దుకుంటాయి

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది ఈ పద్ధతి. ఒకసారి ఒక సంస్థవాళ్లు నన్ను పిలిచేసరికే పెద్ద ఆడిటోరియం తీసేసుకున్నారు. మంచి హాలే. కుర్చీలు మెత్తగా ఉన్నాయి, సౌండ్ బాగుంది. అయితే వాళ్లకు కావలసింది వేర్వేరు శాఖలవాళ్లు కూర్చుని ఒకే పనిపద్ధతి మీద ఒప్పందానికి రావడం. ఆడిటోరియంలో కుర్చీలన్నీ నేలకు బిగించి ఉన్నాయి, అన్నీ స్టేజీ వైపే. గుంపులుగా చర్చించుకోమంటే ముందు వరుసవాళ్లు మెడలు వెనక్కి తిప్పి, కుర్చీ మీదుగా వంగి మాట్లాడాల్సి వచ్చింది. వాళ్ల మాట మూడో వరుసకు వినిపించలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి సగంమంది వరండాలో ఉన్నారు. ఒప్పందం కుదరలేదు. అడ్వాన్స్ పోయినా సరే హాలు మార్చమని ఆరోజు నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది.

అప్పటినుంచి ఎవరు పిలిచినా ఒక ప్రశ్నతో మొదలుపెడుతున్నాను: వచ్చినవాళ్లు ఇవాళ చేయలేని ఏ పనిని, సదస్సు అయిన మర్నాడు చేయగలగాలి? జవాబులు ఎన్ని రకాలుగా వచ్చినా చివరికి నాలుగింటిలో ఒకటవుతాయి. ఏదో తెలుసుకోవాలి, ఏదో నేర్చుకోవాలి, ఏదో తేల్చుకోవాలి, లేదా ఒకరికొకరు పరిచయం కావాలి. తెలుసుకోవడానికి వరుస కుర్చీలు, మంచి తెర చాలు. నేర్చుకోవడానికి బల్లలు, ప్లగ్ పాయింట్లు, పక్కనే నిలబడి నేర్పేవాళ్లు కావాలి. తేల్చుకోవడానికి అందరి ముఖాలు అందరికీ కనిపించాలి. పరిచయాలకైతే హాలు కంటే హాలు బయటి చోటే ముఖ్యం. ఈ నాలుగింటిలో మనది ఏదో తెలిశాక హాళ్ల జాబితా దానంతటదే చిన్నదైపోతుంది.

అపోహ: "అవగాహన కల్పించడం" ఒక లక్ష్యం

కాదు. అవగాహన కలిగిందో లేదో సాయంత్రం ఎలా తెలుస్తుంది? లక్ష్యం రాశాక దాన్నిబట్టి ఏర్పాట్లలో ఒక్క నిర్ణయమైనా మారాలి. ఏదీ మారకపోతే అది ఆహ్వాన పత్రికలో వాక్యంగా మిగులుతుంది, అంతే.

ఉదాహరణకు, "కొత్త యంత్రంపై అవగాహన" అనే బదులు "80 మంది టెక్నీషియన్లు యంత్రాన్ని ఎవరి సాయమూ లేకుండా నడపగలగాలి, మామూలు లోపాలు మూడింటిని గుర్తించి సరిచేయగలగాలి" అని రాసి చూడండి. ఆ క్షణంలోనే సగం ప్లానింగ్ అయిపోతుంది. ఉపన్యాసంతో ఇది కాదు, వర్క్‌షాప్ కావాలి. 80 మందిని ఒకేసారి ఒక యంత్రం చుట్టూ నిలబెట్టలేం కాబట్టి పది పదిమందిగా ఎనిమిది గుంపులు కావాలి. ఎనిమిది యంత్రాలు పెట్టాలి, లేదంటే నాలుగు యంత్రాలతో రెండు విడతలుగా నడపాలి. యంత్రాలు లోపలికి రావాలంటే సరుకు దింపే చోటు, తలుపు వెడల్పు, లిఫ్టు, నేల మోయగల బరువు, కరెంటు లోడు అన్నీ చూసుకోవాలి. ఒక్క వాక్యం సరిగ్గా రాసినందుకు ఇన్ని ప్రశ్నలు సమయానికి బయటపడ్డాయి.

రెండు లక్ష్యాలు ఉండవచ్చు. ఐదు ఉంటే మాత్రం కూర్చుని మూడు కొట్టేయాలి. ఈ పని బాధగా ఉంటుంది, ఎందుకంటే ప్రతి లక్ష్యం వెనుకా కమిటీలో ఎవరో ఒకరు ఉంటారు.

అపోహ: సెమినార్, వర్క్‌షాప్, సింపోజియం... పేర్లే వేరు, అన్నీ ఒకటే

పేర్లను అందరూ కలిపేసి వాడతారన్నది నిజమే. కానీ వాటి వెనక ఉన్న పద్ధతులు వేరు. సెమినార్‌లో తెలిసినవాళ్లు కొద్దిమందికి చెబుతారు, ప్రశ్నలకు చోటుంటుంది. సింపోజియంలో ఒకే అంశం మీద పలువురు నిపుణులు తమ తమ పత్రాలు చదువుతారు. వర్క్‌షాప్‌లో వచ్చినవాళ్ల చేతులు కదలాలి. రోజంతా స్లైడ్లు చూపిస్తే ఆ పేరుకు అర్థం లేదు. రౌండ్ టేబుల్‌లో అందరికీ సమాన హోదా ఉంటుంది, ప్రేక్షకులు ఉండరు. కాన్ఫరెన్స్ వీటన్నింటినీ తనలో ఇముడ్చుకునే పెద్ద గొడుగు. "వర్క్‌షాప్" అని పిలిచి ఉపన్యాసాలు వినిపిస్తే వచ్చినవాళ్లు మోసపోయామనుకుంటారు. అలా అనుకోవడం న్యాయమే.

ఏదో తేల్చుకోవడానికి పెట్టే సమావేశానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలొమార్‌లో జరిగింది. వేర్వేరు జీవుల డీఎన్ఏను కలిపే ప్రయోగాలతో వచ్చే ముప్పు గురించి శాస్త్రవేత్తలకు భయం పట్టుకుంది. ఏ ప్రయోగానికి ఎంత జాగ్రత్త కావాలో తేల్చడానికి సుమారు 140 మంది సముద్రపు ఒడ్డున, ఊరి హడావుడికి దూరంగా ఉన్న ఒక సమావేశ కేంద్రంలో కలిశారు. శాస్త్రవేత్తలతో పాటు న్యాయవాదులు, విలేఖరులు కూడా ఉన్నారు. చర్చలు వాడిగా సాగాయి. వెళ్లిపోయేలోపు ఒక ప్రకటన మీద ఏకాభిప్రాయానికి రావాలన్నది ముందే తెలుసు, వచ్చారు కూడా. తర్వాత వచ్చిన భద్రతా నియమాలకు అదే పునాది అయింది. అక్కడ వేదిక ఎంపిక, పిలిచినవాళ్ల జాబితా, చేయవలసిన పని మూడూ ఒకదానికొకటి సరిపోయాయి.

అపోహ: ఎంత ఎక్కువమంది వస్తే అంత విజయం

1911లో బ్రస్సెల్స్‌లో భౌతిక శాస్త్రవేత్తల కోసం జరిగిన మొదటి సాల్వే సదస్సుకు పిలిచింది సుమారు 20 మందినే. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ప్లాంక్, రూథర్‌ఫర్డ్ అందులో ఉన్నారు. జరిగింది ఒక హోటల్లో. భౌతికశాస్త్ర చరిత్రలో దానిది పెద్ద స్థానం. లోతైన చర్చ కావాలంటే చిన్న గుంపే మేలు. వస్తువును పరిచయం చేయాలన్నా, ఒక వృత్తిలో ఉన్నవాళ్లందరినీ ఒకచోట చేర్చాలన్నా జనం కావాలి. అందుకని ముందు ఎవరు రావాలో రాయండి, ఎంతమంది అన్నది ఆ జాబితాలోంచే వస్తుంది.

అపోహ: హాలు సామర్థ్యం 300 అంటే 300 మంది హాయిగా పడతారు

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే అని నా అభిప్రాయం. బ్రోషర్‌లో రాసే అంకె సాధారణంగా థియేటర్ పద్ధతిది. అంటే బల్లలు లేకుండా కుర్చీలు మాత్రమే వరుసగా వేసినప్పుడు పట్టే సంఖ్య. చాలాసార్లు అందులో స్టేజీ, ప్రొజెక్టర్, కెమెరా, సౌండ్ బల్లలు ఆక్రమించే చోటు తీసేసి ఉండదు. థియేటర్ పద్ధతిలో మనిషికి సుమారు ఒక చదరపు మీటరు కావాలి. రాసుకోవడానికి బల్లలు వేస్తే, అంటే క్లాస్‌రూమ్ పద్ధతిలో, ఒకటిన్నర నుంచి రెండు వరకు కావాలి. కాబట్టి ఆ 300 ఒక్కసారిగా 150, 200 మధ్యకు పడిపోతుంది. రౌండ్ టేబుళ్లు వేసి, స్టేజీకి వీపు పెట్టే కుర్చీలు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఒకటిన్నర మీటర్ల వ్యాసం ఉన్న బల్ల చుట్టూ ఎనిమిదిమంది కూర్చోగలరు, కానీ అందరూ తెర చూడాలంటే ఐదారుగురికే వేయాలి. యు ఆకారంలో వేస్తే ముప్పై నలభైమంది దాటాక ఆ చివర కూర్చున్నవాళ్ల ముఖం ఈ చివరకు ఆనదు.

ఇక తెర సంగతి. మామూలు స్లైడ్లు చదవాలంటే చివరి వరుస దూరం, తెర మీది బొమ్మ ఎత్తుకు ఆరు రెట్లు దాటకూడదని మా పనిలో ఒక లెక్క ఉంది. వెనక వరుస 18 మీటర్ల దూరంలో ఉంటే బొమ్మ 3 మీటర్ల ఎత్తుండాలి. ముందు కూర్చున్నవాళ్ల తలలు అడ్డురాకుండా దాని కింది అంచు నేలకు కనీసం 1.2 మీటర్ల పైన ఉండాలి. అంటే పైకప్పు 4.2 మీటర్లు దాటి ఉండాలి. నేల విస్తీర్ణం అడిగేవాళ్లను చాలామందిని చూశాను కానీ పైకప్పు ఎత్తు అడిగేవాళ్లు అరుదు. పైకప్పు తక్కువగా ఉన్న పెద్ద హాలులో వెనక కూర్చున్నవాళ్లు రెండు రోజులూ ఫోన్లు చూసుకుంటారు, తప్పు వాళ్లది కాదు.

అందుకే హాలు ఫోటోలు చూసి ఒప్పుకోకండి. వెళ్లండి, అదీ మీ సదస్సు జరిగే వేళకే వెళ్లండి. మధ్యాహ్నం ఎండ తెర మీద పడుతుందేమో చూడండి. స్తంభాల వెనక కూర్చోండి. పక్క గదితో మడత గోడ ఉంటే అవతల ఒకరిని మైకులో మాట్లాడమని ఇవతల నిలబడి వినండి, ఎందుకంటే ఆ రోజు పక్కన ఏ కార్యక్రమం ఉంటుందో మన చేతిలో ఉండదు. ముందురోజు సామాను దింపడానికి హాలు ఎన్ని గంటలకు ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు గేటు నుంచి హాలులోకి ఎలా వస్తారో ఆ దారిలో మీరే నడవండి. అక్కడితో ఆగకుండా స్టేజీ దాకా వెళ్లండి. వక్తల్లోనూ చక్రాల కుర్చీ వాడేవాళ్లు ఉంటారన్న సంగతి మెట్లు కట్టేవాళ్లు మర్చిపోతుంటారు.

అపోహ: కార్యక్రమం నిండుగా ఉంటేనే డబ్బుకు న్యాయం

ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇరవైమంది వక్తలు. ఇలాంటి పట్టిక చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. ఒక్కరు పది నిమిషాలు ఎక్కువ మాట్లాడితే కోత పడేది ఎప్పుడూ ప్రశ్నల సమయానికే, తర్వాత విరామానికి. నిజానికి వచ్చినవాళ్లు ఎక్కువ విలువిచ్చేది ఆ రెండింటికే. హారిసన్ ఓవెన్ అనే ఆయన ఒక ఏడాది శ్రమపడి ఒక సదస్సు నడిపించారు. తీరా చూస్తే అందులో అందరికీ బాగా పనికొచ్చింది కాఫీ విరామాలేనని తేలింది. ఆ అనుభవంలోంచే ఆయన 1985లో ఓపెన్ స్పేస్ అనే పద్ధతి తెచ్చారు. అందులో ముందే రాసిన ఎజెండా ఉండదు, వచ్చినవాళ్లే అంశాలు గోడమీద పెట్టి గుంపులుగా విడిపోతారు. శాస్త్రవేత్తల కోసం 1931లో మొదలైన గోర్డన్ పరిశోధనా సదస్సులది ఇంకో దారి. ఉదయం, సాయంత్రం సమావేశాలు, మధ్యాహ్నం ఖాళీ. అక్కడ విన్నది రికార్డు చేయకూడదు, బయట ఉటంకించకూడదు. అందుకే ఇంకా పూర్తికాని పనిని కూడా ధైర్యంగా చెప్పుకుంటారు.

ఓపెన్ స్పేస్ అన్నిచోట్లా పనిచేయదు. ఒక నిబంధనను అందరికీ ఒకేలా చెప్పాల్సి వస్తే అది తప్పు ఎంపిక. ఏ పద్ధతి తీసుకున్నా, 300 మంది బయటికి వచ్చి, బారులో నిలబడి, మళ్లీ కూర్చోవడానికి పదిహేను నిమిషాలు చాలవు. అరగంట ఇవ్వండి.

అపోహ: కెమెరా పెట్టి లింకు పంపిస్తే హైబ్రిడ్ సదస్సు అయినట్టే

హైబ్రిడ్ అంటే హాలులో ఉన్నవాళ్లూ, దూరంనుంచి చేరినవాళ్లూ కలిసి పాల్గొనడం. లింకు పంపడం ప్రసారం మాత్రమే. చూడటానికి మాత్రమే అయితే పరవాలేదు, అలాగే చెప్పండి. దూరంనుంచి పాల్గొనాలంటే మాత్రం వాళ్ల తరఫున హాలులో ఒక మనిషి ఉండాలి, వాళ్ల ప్రశ్నలను ఆయనే లేచి అడగాలి. హాలులో ప్రశ్న వేసేవాళ్లు మైకు లేకుండా మాట్లాడితే అవతలివాళ్లకు జవాబు మాత్రమే వినిపిస్తుంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా భరిస్తారు, మాట తెగితే వెళ్లిపోతారు. ప్రసారానికి విడిగా కేబుల్ లైను తీసుకోండి; ప్రతినిధులు వాడే వైఫై మీద ఆధారపడితే అందరి ఫోన్లూ దాని మీదే పడిన వేళ ప్రసారం ఆగిపోతుంది.

అపోహ: రిజిస్ట్రేషన్‌కు రెండు బల్లలు చాలు

లెక్క వేయండి. 400 మంది 40 నిమిషాల్లో వస్తారు, ఒక్కొక్కరికి ఒక నిమిషం పడుతుంది. పది కౌంటర్లు కావాలి. పేరు దొరకనివాళ్లకు, డబ్బు కట్టాల్సినవాళ్లకు విడిగా ఇంకొకటి, లేకపోతే ఒక్కరి సమస్య వెనక యాభైమంది నిలబడతారు.

అపోహ: సదస్సు ఫలితం చివరి రోజునే తేలిపోతుంది

చివరి రోజు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారంలో భోజనం, ఏసీ, వక్తల గురించి తెలుస్తుంది. అది కావాలి, నేనూ తీసుకుంటాను. కానీ 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూహేలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సదస్సుకు అలాంటి ఫారం ఇచ్చి ఉంటే ఏం రాసేవారో ఆలోచించండి. అణువు, పరమాణువు అంటే ఏమిటో, పరమాణు భారాలు ఎలా లెక్కించాలో తేల్చుకోవడానికి సుమారు 140 మంది కలిశారు. మూడు రోజుల తర్వాత ఒప్పందం లేకుండానే విడిపోయారు. అయితే ఇటలీ రసాయన శాస్త్రవేత్త కనిజారో తన పద్ధతిని వివరిస్తూ రాసిన చిన్న పుస్తకాన్ని చివర్లో ఆయన మిత్రుడు అందరికీ పంచిపెట్టారు. దాన్ని చదివాక జర్మన్ రసాయన శాస్త్రవేత్త లోథర్ మేయర్‌కు విషయం తేటతెల్లమైంది. అక్కడే ఉండి కనిజారో మాటలు విన్న రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ 1869లో ఆవర్తన పట్టిక ప్రకటించారు.

మన సదస్సుల్లోంచి అంత పెద్ద ఫలితం రావాలని ఎవరూ అనరు. కానీ ప్రతి సదస్సులోనూ జనం ఏదో ఒకటి చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్లాలి: తీర్మానాల కాగితం, చేయాల్సిన పనుల జాబితా, ఎవరెవరిని ఎలా కలవాలో రాసిన పట్టిక. ఇవి అక్కడే, ఆఖరి సమావేశంలోనే అందాలి. "తర్వాత మెయిల్ చేస్తాం" అన్నవి ఎన్నో వెళ్లకుండానే ఉండిపోవడం చూశాను. రెండు మూడు నెలలయ్యాక మళ్లీ అందరికీ రాసి, మొదట వేసుకున్న ప్రశ్ననే అడగాలి: అప్పుడు చేయలేని ఏ పని ఇప్పుడు చేస్తున్నారు? ఆ ఉత్తరం పంపాల్సిన తేదీని నేను ఇప్పుడు హాలు వెతకడం మొదలుపెట్టకముందే క్యాలెండర్లో రాసుకుంటున్నాను.