ఎస్‌వీఎన్ తగాదా వెనుక 2005 వేసవి

ఆఫీసు షేర్డ్ ఫైళ్ల కోసం కొత్తగా చేరినవాళ్లకి ఎస్‌వీఎన్ (సబ్‌వర్షన్, ఫైళ్లలో ఎవరు ఏం మార్చారో ఒక సర్వర్లో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) నేర్పాలా, లేక అంతా గిట్‌కి (ఇదే పని, కానీ పూర్తి చరిత్ర ఎవరి కంప్యూటర్లో వాళ్లకి ఉంటుంది) మారిపోదామా అనే తగాదా మళ్లీ రాజుకుంది. 2024 జనవరి 8న, గిట్ ప్రాజెక్టులు దాచుకునే సైటు గిట్‌హబ్ సబ్‌వర్షన్ సపోర్టు తీసేసిన దగ్గర్నుంచీ 'ఇక దాని పనైపోయింది' అనేవాళ్ల గొంతు పెద్దదైంది. నిజానికి ఆ రోజు పోయింది గిట్‌హబ్‌లోని రిపోజిటరీలను (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి చరిత్ర ఉండే చోటు) ఎస్‌వీఎన్ క్లయింటుతో తెరిచే సౌకర్యం ఒక్కటే. సబ్‌వర్షన్ ఎక్కడికీ పోలేదు. వర్డ్‌ప్రెస్ ప్లగిన్ల డైరెక్టరీకి కోడ్ ఎక్కించేది దాంతోనే.

అంతకుముందు ఇదే పనికి వాడిన సీవీఎస్‌తో పడ్డ పాట్లు, 2000లో కొలాబ్‌నెట్ కంపెనీ సబ్‌వర్షన్ పని మొదలుపెట్టడం, 2004 ఫిబ్రవరిలో 1.0 రావడం చాలామందికి తెలిసిన కథే. ఇవాళ్టి గొడవకి ముడి పడింది మాత్రం 2005 వేసవిలో.

ఆ ఏప్రిల్‌లో, లినక్స్ కోడ్ కోసం వాడుతున్న బిట్‌కీపర్‌ని ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టాడు. మరుసటి నెలలోనే సబ్‌వర్షన్ 1.2 వచ్చింది. ఫైలుకి తాళం వేసే ఏర్పాటు, అంటే లాకింగ్, అందులోనే చేరింది.

లాకు అంటే పాతకాలపు పద్ధతి కదా అంటారు ప్రోగ్రామర్లు. కోడ్ వరకు సరే, ఇద్దరి మార్పులూ వరసలవారీగా కలిసిపోతాయి. ఎక్సెల్ షీటు, ఫొటోషాప్ ఫైలు, ఆటోకాడ్ డ్రాయింగు అలా కలవవు. పొద్దుటి నుంచీ ఒకే షీటు మీద ఇద్దరు కూర్చుంటే, సాయంత్రం ముందు కమిట్ కొట్టినవాడు (అంటే మార్పుల్ని సర్వరుకి ఎక్కించినవాడు) బతికిపోతాడు. రెండోవాడికి 'అవుటాఫ్ డేట్' అని వస్తుంది, అప్‌డేట్ చేస్తే కాన్‌ఫ్లిక్ట్, అంటే రెండు మార్పులూ ఢీకొంటాయి. ఆ రోజు పని మళ్లీ చేత్తో ఎక్కించుకోవాల్సిందే.

1.2 చూపిన దారి ఇదీ. ఫైలుకి 'నీడ్స్-లాక్' ప్రాపర్టీ పెడితే అది అందరి దగ్గరా రీడ్-ఓన్లీగా ఉంటుంది. టార్టాయిస్ అనే ఎస్‌వీఎన్ క్లయింటులో రైట్ క్లిక్ చేసి 'గెట్ లాక్' కొట్టాకే అందులో రాయగలం. అప్పటికే ఎవరైనా లాక్ చేసి ఉంటే వాళ్ల యూజర్ పేరు కనబడుతుంది, సీటు దగ్గరికి వెళ్లి ఎంతసేపు పడుతుందో అడగొచ్చు. కమిట్ అవగానే లాకు దానంతటదే వదులుతుంది. లాక్ చేసి సంక్రాంతికి ఊరెళ్లిపోయినవాడి సంగతేంటి అంటే, అదే డైలాగ్‌లో 'స్టీల్ ద లాక్స్' (వాళ్ల లాకు మనం లాక్కోవడం) అని ఒక టిక్కు ఉంది. కొత్తవాళ్లకి మొదటి రోజే చూపించాల్సిన టిక్కు అది!

గిట్ పక్షానిదీ బలమైన మాటే. సర్వరు పడుకుంటే ఎస్‌వీఎన్‌లో కమిట్ ఆగిపోతుంది. పైగా ఏ మార్పు ఎక్కడ మెర్జ్ అయిందో (కలిసిందో) ఎస్‌వీఎన్ గుర్తుపెట్టుకోవడం మొదలైందే 2008లో, 1.5తో. అప్పటికే కోడ్ రాసేవాళ్లు చాలామంది గిట్ వైపు నడిచారు.

కానీ 2017లో పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కి తగిలించుకునే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ 2.0 వచ్చినప్పుడు అందులో కొత్తగా చేర్చింది ఏంటో చూడండి: ఫైల్ లాకింగ్. ఏ ఫైలు ఎవరు పట్టుకున్నారో తెలియాలంటే అక్కడా సర్వర్నే అడగాలి.