బెల్‌బాటం తప్పెంత, మన కంటి తప్పెంత

1975 ప్రాంతపు ఆల్బమ్ తెరిస్తే ఏదో ఒక ఫొటో దగ్గర పిల్లలు ఆగి పగలబడి నవ్వుతారు. చెవులు కప్పిన హిప్పీ జుట్టు, భుజాల మీదికి పాకిన కాలరు, బూట్లు కనపడనివ్వకుండా నేలను ఊడ్చే బెల్‌బాటం. ఫొటోలోని పెద్దాయన కూడా వాళ్లతో కలిసి నవ్వుతాడు. ఆ చొక్కా ఎవరికైనా ఇచ్చేద్దామంటే మాత్రం ఒప్పుకోడు. ఆ నవ్వుకీ, ఈ మమకారానికీ ఫొటో ఎంత కారణం, బట్ట ఎంత కారణం, మెదడు ఎంత కారణం అని విడదీసి చూస్తే, చొక్కా నేరం అనుకున్నంత పెద్దదేమీ కాదు.

ముందు ఫొటో సంగతి. కలర్ ప్రింటులో పసుపు, మెజెంటా (ఊదా కలిసిన గులాబీ), సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) అనే మూడు రంగుల పొరలుంటాయి. ఆల్బమ్ మూసి చీకట్లో దాచినా ఇవి ఒకే వేగంతో వెలిసిపోవు. 70ల నాటి చాలా ప్రింట్లలో ముందు పోయేది సయాన్. ఎరుపును పీల్చుకునేది అదే కాబట్టి, అది తగ్గేకొద్దీ బొమ్మంతా ఎర్రబడుతుంది. అందుకే "ఈ నారింజ రంగు ఎలా వేసుకున్నావు తాతయ్యా" అనేముందు, చొక్కా ఇంకా ఉంటే కాలరు మడత లోపలివైపు చూడాలి. అది ఒట్టి గోధుమ రంగని తేలినా తేలవచ్చు. స్కాన్ చేసిన బొమ్మను సరిదిద్దేటప్పుడు ముఖాల రంగును నమ్ముకోకండి. తెల్లగా ఉండి తీరాల్సిన పంచెనో, గోడ సున్నాన్నో గుర్తుగా పెట్టుకుని, అది తెల్లబడేదాకా ఎరుపు తగ్గించండి.

ఇక బట్ట. టెర్లిన్ అనే పాలియెస్టర్‌ను 1941లో ఇంగ్లాండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తయారుచేశారు. దాన్ని పత్తితో కలిపితే టెరికాట్. మూడింట రెండు వంతులు పాలియెస్టర్, ఒక వంతు పత్తి కలపడం బాగా వాడుకలో ఉన్న పాళ్లు. పాలియెస్టర్ సుమారు 70-80 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడి, మడిచిన ఆకారంలోనే చల్లారితే ఆ మడతను పట్టుకుంటుంది. ప్యాంటు మీద కత్తిలాంటి ఇస్త్రీ మడత నెలల తరబడి నిలిచింది ఇందుకే. బెల్‌బాటం వైభవమూ దీని చలవే. మోకాలి దగ్గర 18 అంగుళాలు, కింద 26 అంగుళాలు చుట్టుకొలత కావాలంటే అదనపు 8 అంగుళాలను ముందు, వెనక ముక్కల నాలుగు అంచులకూ తలా రెండేసి పంచాలి. బయటి కుట్టు వైపే పెంచేస్తే మడత పక్కకు తిరిగి కాలు మెలిపడినట్టు కనిపిస్తుంది. అంచు నేలకు రాసుకుని చిరగకుండా లోపల ఇత్తడి పళ్ల జిప్పు కుట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. వెర్రి అని కొట్టిపారేస్తాం గానీ, అది మంచి ఇంజనీరింగే.

తిప్పలన్నీ వేసవిలో. మామూలు తేమగల గాలిలో పత్తి తన బరువులో 7-8 శాతం నీటిని పట్టుకుంటుంది, పాలియెస్టర్ కేవలం 0.4 శాతం. అంటే 200 గ్రాముల నూలు చొక్కాలో 15 గ్రాముల దాకా తేమ ఇమిడితే, అంతే బరువున్న టెర్లిన్ చొక్కాలో ఒక గ్రాము కూడా ఉండదు. రోహిణి కార్తెలో చెమటంతా ఒంటి మీదే. పైగా పాలియెస్టర్ నీటిని వద్దన్నంత గట్టిగా నూనెను రమ్మంటుంది. చర్మపు జిడ్డు, తలకు రాసిన కొబ్బరినూనె పోగులోకి ఇంకుతాయి. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వారు 2014లో 26 మంది వ్యాయామం చేసి విప్పిన టీషర్టులను పరీక్షిస్తే, కంపు పుట్టించే మైక్రోకోకస్ బాక్టీరియా పాలియెస్టర్ మీదే బాగా పెరిగాయి. చలికాలపు పొడిగాలిలో విప్పుతుంటే చిటపటలాడటం కూడా ఆ తేమ లేకపోవడం వల్లనే.

ఇన్ని బాధలు పడ్డవాడికి ఇప్పుడు మురిపెమెందుకు? చెడు జ్ఞాపకాల్లోని బాధ, మంచి జ్ఞాపకాల్లోని సంతోషం కన్నా త్వరగా పలచబడుతుందని మనస్తత్వ పరిశోధనలు చెబుతున్నాయి. నడివయసు దాటినవాళ్లకు తమ పదేళ్ల వయసు నుంచి ముప్ఫై ఏళ్ల వయసు దాకా జరిగిన సంగతులే ఎక్కువగా గుర్తుంటాయి కూడా. అసలు అప్పటి సిగ్గే చాలావరకు ఊహ. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గిలోవిచ్ బృందం, వేసుకోవడానికి విద్యార్థులు సిగ్గుపడే ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థులను నలుగురిలోకి పంపింది. గదిలో సగం మంది గమనించారని వాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది నాలుగో వంతుకు మించలేదు. బ్రిటన్ వేషధారణ చరిత్రకారుడు జేమ్స్ లేవర్ 1937లో ఒక లెక్క వేశాడు: ఫ్యాషన్ పోయిన పదేళ్లకు వికారంగా, ఇరవై ఏళ్లకు నవ్వులాటగా, ముప్ఫైకి సరదాగా, యాభైకి ముచ్చటగా అనిపిస్తుందట. ఇది ప్రయోగం కాదు, ఒక మనిషి చూపు. బెల్‌బాటమే 90ల్లో తిరిగొచ్చి ఈ లెక్క తప్పించింది.

ట్రంకుపెట్టెలోంచి చొక్కా తీస్తే ముందు అది ఏ బట్టో తేల్చుకోండి. లోపలి కుట్టు అంచు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్లున్న స్టీలు పళ్లెం మీద కాల్చండి. కాగితం వాసన, మెత్తటి బూడిద అయితే నూలు. మంటకు ముడుచుకుపోయి గట్టి నల్లపూస మిగిలితే పాలియెస్టర్. కాలరు మీది పసుపుమరక పాతబడి గట్టిపడిన నూనె. గిన్నెలు తోమే ద్రవం రుద్ది, 20 నిమిషాలాగి గోరువెచ్చని నీళ్లతో కడగాలి. బ్లీచింగ్ పౌడరు వద్దు, టెరికాట్‌లోని నూలు వంతును తినేస్తుంది. వేడినీళ్లలో ముంచి పిండితే పడిన ముడతలు అలాగే స్థిరపడతాయి. ఇస్త్రీ తిరగేసి, తడిగుడ్డ వేసి చేయాలి. ఒకసారి పడ్డ మెరుపు మచ్చ ఇక పోదు. అన్నీ అయ్యాక చంకల కుట్లు లాగి చూడండి. నూలు దారంతో కుట్టినవైతే బట్టకన్నా ముందు అవే తెగుతాయి. పాలియెస్టర్ దారంతో ఆ పాత రంధ్రాల వెంబడే తిరిగి కుట్టిస్తే సరి.